చి. హృషికేశ్ దండాల వ్యవహారం

నాచారం,
2 ఏప్రిల్ 2025

చెంగిచెర్లలో కొత్త స్లాబు కింద కొలువు తీరిన తాతయ్యగారి సముఖానికి,

మనవడు తేజేష్ చేయు విన్నపం. కాశీకి వెళ్ళినవాళ్ళు కాకరకాయో పొట్లకాయో వదిలేసి వస్తారు. తమరు సెల్‌ఫోన్ వదిలేసి వచ్చారు. విశ్వనాథుడికి దానితో ఏం పనో నాకు తెలియదు గానీ, బీటెక్ చదివిన నేను కాగితం, పెన్ను కొనుక్కోవలసి వచ్చింది. పాల మహిపాలన్న ఈ ఉత్తరాన్ని క్యాన్ల మధ్య ఇరికించి తెస్తాడు కనుక, అక్షరాలు అలుక్కుపోతే అది నా దస్తూరీ దోషం కాదు, గేదె దోషం.

ఇంట్లో అందరూ క్షేమం. నా ఉద్యోగం సంగతి అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తాను. మొన్న ఇంటర్వ్యూలో "ఐదేళ్ళ తర్వాత ఎక్కడ ఉంటారు?" అని అడిగారు. "చెంగిచెర్లలో, మా తాతయ్య కడుతున్న ఇంట్లో, పై పోర్షన్‌లో" అన్నాను. ఆ తర్వాత వాళ్ళు ఎక్కడున్నారో తెలియలేదు.

అసలు వార్త ఇది. పురిటికి వచ్చిన మా సుష్మక్క ఏడు నెలల సుపుత్రుడు హృషిగాడు భక్తుడైపోయాడు. నిద్ర లేవగానే రెండు చేతులూ ముందుకు చాచి, తల వంచి దండం పెడుతున్నాడు. ఒకటి కాదు. ఒకటి పెట్టి, కాస్త ఆగి, ఇంకొకటి. అలా వరసగా, అర్చన చేయించినట్టు. పక్కింటి వెంకటనర్సమ్మ చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఓ సుష్మమ్మా! గీ పోరడు మామూలు పోరడు గాదు. పోయిన జన్మల పూజారి ఉండొచ్చు" అని ఇంటికి పరిగెత్తి కొబ్బరికాయ తెచ్చింది. సాయంత్రానికి సందులో ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి దండం స్వీకరించి వెళ్ళారు. ఒకామె అరటిపళ్ళు పెట్టింది. అవి నేను తిన్నాను.

ఇలాగే సాగితే వాకిట్లో హుండీ పెడదామని ఉంది. తమ అభిప్రాయం తెలుపగలరు.

అరటిపళ్ళ ట్రస్టు ఏకైక సభ్యుడు,
తేజేష్

---

చెంగిచెర్ల,
4-4-2025

విషయం: చి. హృషికేశ్ – భక్తి – హర్షం వెలిబుచ్చుట – గురించి.
సూచిక: నీ 2వ తేదీ ఉత్తరం.

చి. తేజేష్‌కు,

ఉత్తరం అందినది. పాలవాసన మినహా బాగున్నది. మునిమనవడి నమస్కారముల విషయం చదివి నాకు కళ్ళు చెమర్చినవి. ఉప్పల్ డిపోలో కంట్రోలర్‌గా ముప్పై ఏళ్ళు చేసిన నాకు డ్రైవర్లు సైతం సవ్యంగా నమస్కారం పెట్టలేదు. ఏడు నెలలవాడు పెట్టుచున్నాడంటే అది నేను కాశీలో పొందిన ఫలమే తప్ప వేరు కాదు.

స్లాబుకు నీళ్ళు కొట్టే సారలమ్మకు చదివి వినిపించితిని. ఆమె బకెట్ కింద పెట్టి, "మీ ఇంట్ల దేవుడు పుట్టిండు సార్" అన్నది. మేస్త్రి కూడా సిమెంటు చేతులతోనే మొక్కినాడు.

కావున నా నిర్ణయం. అక్షయ తృతీయ నాడు యాదగిరిగుట్టలో వాడి పుట్టువెంట్రుకలు తీయించవలెను. అంతవరకు ఆ తలకు వెంకటనర్సమ్మ పెట్టే ఆముదం తప్ప మరేదీ తగలరాదు. కత్తెర, పౌడరు, నీ చెయ్యి, ఏదీను.

హుండీ ప్రతిపాదన పరిశీలనలో ఉన్నది.

చిదంబరం
(కంట్రోలర్, రిటైర్డు)

---

నాచారం,
6 ఏప్రిల్ 2025

పరిశీలనలో ఉన్న తాతయ్యకు,

పానకం తాగి రాస్తున్నాను. కాస్త మిరియం ఘాటు ఉంటే మన్నించాలి.

నిన్న టీకాకని అక్క హృషిని పిల్లల డాక్టర్ రామచంద్రరావుగారి దగ్గరికి తీసుకెళ్ళింది. సంచీ మోసే హోదాలో నేనూ వెళ్ళాను. వాడు అక్కడ బల్ల మీద నిద్ర లేచాడు, లేచి దండకార్యక్రమం మొదలుపెట్టాడు. డాక్టర్‌గారు ప్రతినమస్కారం చేస్తారేమో అని చూశాను. ఆయన చేతిలో ఉన్న పెన్ను పక్కన పెట్టి, అంతా అయ్యేదాకా చూశారు. తర్వాత, "ఇది ఎన్నాళ్ళ నుంచి?" అన్నారు. "పది పదిహేను రోజుల నుంచండీ, భక్తి" అన్నాను. "ఇది భక్తి కాదు నాయనా. పసిపిల్లల్లో వచ్చే ఒక రకం ఫిట్స్ కావచ్చు. చూడ్డానికి ఇలాగే, వంగి దండం పెట్టినట్టే ఉంటుంది" అన్నారు.

దానికి ఈఈజీ అనే పరీక్ష ఉందట. తలనిండా వైర్లు అంటించి మెదడులో కరెంటు చూస్తారట. ఈ వారంలోనే చేయించమన్నారు. యూనిట్ ఎంతో, బిల్లు ఎవరి పేరున వస్తుందో అడగలేదు.

అక్క వచ్చే దారంతా వాడి రెండు చేతులూ తన చేతుల్లో పట్టుకునే కూర్చుంది. ఇంటికి రాగానే వెంకటనర్సమ్మ మొదలుపెట్టింది. "ఫిట్స్ అని బయట చెప్పకున్రి బిడ్డా, రేపు పోరనికి పిల్లనెవరిస్తరు?" అంది. పోరడికి ఇంకా పళ్ళే రాలేదు, తాతయ్యా.

హుండీ ప్రతిపాదన ఉపసంహరించుకుంటున్నాను.

మీ,
సంచీ

---

చెంగిచెర్ల,
8-4-2025

విషయం: శిశువు తలకు కరెంటు – తీవ్ర అభ్యంతరం – గురించి.

తేజేష్,

నీకు మతి ఉన్నదా? పసివాడి తలకు కరెంటు పెట్టుదురా? ఈ ఇంటికి మెయిన్ లైన్ లాగినవాడు ఒక్కసారి వేలు తగిలించుకొని రోజంతా వణికినాడు. ఏడు నెలల బిడ్డకు తలనిండా వైర్లా?

ఫిట్స్ అంటే ఏమిటో నాకు తెలియదా? డిపోలో డ్రైవర్ నరేందర్ ఫిట్స్ వచ్చి పడిపోయినప్పుడు చేతిలో తాళాలగుత్తి పెట్టినది నేనే. నురగ కక్కినాడు, కాళ్ళు కొట్టుకున్నాడు. మన హృషి నురగ కక్కినాడా? కాళ్ళు కొట్టుకున్నాడా? మర్యాదగా నమస్కారం పెట్టినాడు. రెంటికీ తేడా తెలియని డాక్టరు టీకాలు వేసుకొనుట మంచిది.

ఏమైనా ఉంటే అక్షయ తృతీయ తర్వాత చూద్దాం. ముందు మొక్కు. నేను వద్దన్నానని సుష్మకు చెప్పు.

చిదంబరం

---

నాచారం,
9 ఏప్రిల్ 2025

మెయిన్ స్విచ్ తాతయ్యకు,

అక్కకు చెప్పాను. అదే ఇప్పుడు సమస్య. నాన్న ఉద్యోగాల మీద ఊళ్ళు తిరుగుతుంటే అక్కని మీ దగ్గర ఉంచుకుని చదివించారు కాబట్టి, మీరు వద్దన్న పని దానికి చేతకాదు. గిరిప్రసాద్ బావ ఉప్పల్ నుంచి ఫోన్ చేసి, "మీ తాతయ్యగారు ఊ అంటే నేను ఆఫీసుకి సెలవు పెడతా" అంటున్నాడు. అమ్మ ఏమంటుందో తెలుసుకోవాలంటే అక్క మొహం చూస్తుంది. అందరి కళ్ళూ చెంగిచెర్ల వైపే. స్లాబుకి దిష్టి తగులుతుందేమో చూసుకోండి.

ముందుగా కరెంటు. తప్పు నాదే, తిన్నగా రాయలేదు. ఆ మిషను కరెంటు ఇవ్వదు. మెదడులో ఎవరికైనా ఉండే కాస్త కరెంటు ఎలా నడుస్తోందో చూసి గీతలు గీస్తుంది, అంతే. మీరు డిపో గేటు దగ్గర కూర్చుని ఏ బస్సు ఎప్పుడు వెళ్ళిందో చూసేవారు కదా. బస్సుని మీరు తోశారా? లేదు. అదే పని. వైర్లు జిగురుతో అంటిస్తారు, తర్వాత కడిగేస్తారు.

తాళాలగుత్తి గురించి డాక్టర్‌గారిని అడిగాను. అది ఫిట్స్‌ని ఆపదట, తాళాలు పోకుండా మాత్రం చూస్తుందట.

ఇక భక్తి. హృషి నిన్న పొద్దున ఎవరికి దండం పెట్టాడో తెలుసా? బకెట్‌కి. సాయంత్రం గ్యాస్ సిలిండర్‌కి. ఇవాళ ఎదురుగా ఉతికి ఆరేసిన నా లుంగీకి.

డాక్టర్‌గారు ఇంకో మాటన్నారు. ఇవి వస్తున్నన్నాళ్ళూ మెదడు కొత్తవి నేర్చుకోదట, నేర్చుకున్నవి మరిచిపోతుందట. అందుకే తొందర.

లుంగీ వేలుపు,
తేజేష్

---

చెంగిచెర్ల,
10-4-2025

విషయం: బకెట్ – గురించి.

తేజేష్,

బకెట్‌లో ఈశ్వరుడు లేడని నీకెవరు చెప్పినారు? సిలిండర్‌లో సాక్షాత్తు అగ్నిదేవుడే ఉన్నాడు. నీ లుంగీ విషయంలో మాత్రం నాకు సందేహమున్నది.

నా ఇబ్బంది వేరు. నీవు వ్రాసేదానిలో ఏది హాస్యమో ఏది వాస్తవమో తెలియదు. హుండీ పెట్టెదమన్నదీ నీవే, ఆస్పత్రికి పోవలెనన్నదీ నీవే. గత ఏడాది నాకు గుండెనొప్పి అని అందరికీ చెప్పి, తీరా అది గ్యాస్ అని తెలిసే వరకు బంధువులందరినీ రప్పించినదీ నీవే. నీ మాట మీద పసివాడిని ఎట్లు పంపుదును?

చిదంబరం

---

నాచారం,
11 ఏప్రిల్ 2025

తాతయ్యా,

ఈ ఉత్తరంలో జోకు లేదు. వెతకొద్దు.

అక్క అన్నం తినడం లేదు. వాడు నిద్ర లేచే సమయానికి వంటింట్లోకి వెళ్ళిపోతోంది, చూడలేక. ఆదివారం వాణ్ణి మీ దగ్గరికి తీసుకొస్తాం. నా మాట వద్దు, డాక్టర్ మాటా వద్దు. మీరే చూసి చెప్పండి.

తేజేష్

---

చెంగిచెర్ల,
13-4-2025, ఆదివారం సాయంత్రం

నాయనా తేజేష్,

మీరున్నంతసేపూ వాడి మొహమే చూస్తూ కూర్చున్నాను. కాఫీ కూడా ఇవ్వలేదని మీరు వెళ్ళాక గుర్తొచ్చింది. రేపు మహిపాల్ వచ్చేసరికి ఇది సిద్ధంగా ఉండాలని ఇప్పుడే రాస్తున్నాను.

వాడు నా ఒళ్ళో నిద్ర లేచాడు. లేచి మొదలుపెట్టాడు. మొదటిది నాకే అనుకున్నాను. సంతోషంతో నేనూ చేతులు జోడించాను, నువ్వు చూశావు. రెండోదానికి వాడి మొహం చూశాను. వాడి కళ్ళు నా మీద లేవురా. ఎక్కడా లేవు. శివరాత్రికి మీరు వచ్చినప్పుడు నేను డిపో విజిల్ ఊదితే తల తిప్పి కిలకిలా నవ్వాడు. ఇవాళ చెవి దగ్గర ఊదినా తిరగలేదు. మేస్త్రి తిరిగాడు, సారలమ్మ తిరిగింది, రోడ్డు మీద ఆటోవాడు ఆపాడు. వీడు తిరగలేదు. అంతా అయ్యాక బిక్కమొహం వేసి ఏడ్చాడు.

నమస్కారం పెట్టేవాడు ఎవరికి పెడుతున్నాడో చూస్తాడు కదా. చూడకుండా పెట్టేది నమస్కారం ఎలా అవుతుంది?

రేపే తీసుకెళ్ళండి. తల మీద నేను పెట్టిన నిబంధనలన్నీ రద్దు. దేవుడికి నేను చెప్పుకుంటాను, ఆయనకి నాకన్నా తొందర అర్థమవుతుంది. సుష్మని అన్నం తినమను. తాతయ్య తినమన్నాడని చెప్పు.

చిదంబరం

---

నాచారం,
16 ఏప్రిల్ 2025

ఊ అన్న తాతయ్యకు,

అక్క అన్నం తింది. పరీక్ష కూడా అయింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఎక్కడైనా నవ్వొస్తే అది వాస్తవమే, నా కల్పన కాదు.

ఈ పరీక్ష నిద్రలో తీయాలట. కాబట్టి పొద్దున్నుంచి పిల్లాణ్ణి నిద్రపోనివ్వకుండా తీసుకొచ్చి, అక్కడ నిద్రపుచ్చాలి. మామూలుగా వాడిని నిద్రపుచ్చడానికి ఇల్లంతా కష్టపడుతుంది. నిన్న నిద్రపోకుండా ఉంచడానికి అదే ఇల్లు పడింది పాట్లు. ఆటోలో అక్క చప్పట్లు, అమ్మ చెంచాతో గిన్నె, బావ కుక్క, పిల్లి, లారీ అరుపులు. నాచారం పారిశ్రామికవాడ దాటేసరికి డ్రైవరు వెనక్కి తిరిగి, "సార్, పెండ్లికి పోతున్నరా, దవాఖానాకా?" అన్నాడు. వెంకటనర్సమ్మ కూడా వచ్చింది. ఆమె బతుకమ్మ పాట ఎత్తుకుంది. అది వింటూ హృషి కళ్ళు పెద్దవి చేసి మేలుకున్నాడు. అమ్మ మాత్రం నిద్రపోయింది.

పరీక్ష గదిలో పద్మశ్రీగారని టెక్నీషియన్ ఉన్నారు. ఆవిడ హృషి తల మీద వేలు పెట్టారు. వేలు జారింది. ఇంకో వేలు పెట్టారు. అదీ జారింది. "ఎవరమ్మా తలకు గింత నూనె పెట్టిన్రు? నూనె పెట్టొద్దని చెప్పిన గదా!" అన్నారు. అందరం వెంకటనర్సమ్మ వైపు చూశాం. ఆమె ఏమాత్రం జంకకుండా, "దవాఖానాకు పోతున్నడు గదా అని జర ఎక్కువనే పెట్టిన" అంది. బయలుదేరేముందు ఎవరూ చూడకుండా గిన్నెడు ఆముదం పట్టించిందట! కుళాయి కింద షాంపూతో మూడుసార్లు కడిగాం. వాడు ఆస్పత్రి మొత్తం వినేలా ఏడ్చాడు. ఆ ఏడుపుకి వాడు బాగా మేలుకున్నాడు.

తర్వాత జిగురు, వైర్లు, పైన గుడ్డ టోపీ. చిన్న టెలిఫోన్ ఎక్స్ఛేంజిలా తయారయ్యాడు. దీపం తగ్గించారు. అక్క జోకొడుతోంది. గది చల్లగా ఉంది. పద్మశ్రీగారి గొంతు వినపడేసరికి నేను ఉలిక్కిపడి లేచాను. "నిద్రపోవాల్సింది బాబు. మామ గాదు" అంటున్నారు. చూస్తే బావ గోడకి ఆనుకుని గురక. హృషి ఒక్కడే కళ్ళు విప్పార్చి మా అందర్నీ కాపలా కాస్తున్నాడు. మమ్మల్నిద్దర్నీ బయటికి పంపాక వాడు నిద్రపోయాడట. మా గురకే అడ్డం అన్నమాట.

ఇక ఫలితం. దీన్ని మీ భాషలో చెప్తాను. నరాల డాక్టరుగారు స్క్రీన్ చూపించారు. మామూలు పిల్లల మెదడు గీతలు వరసగా, అలల్లా వెళ్తాయట. హృషివి చూడగానే నాకు స్టేడియంలో మ్యాచ్ ఉన్నరోజు ఉప్పల్ చౌరస్తా గుర్తొచ్చింది. అన్ని వైపుల నుంచీ అన్నీ ఒకేసారి. దేనికీ దారి లేదు, ఒకదాని మాట ఇంకొకటి వినదు. ఆ గొడవ ఒక్కసారిగా కుదుపు ఇచ్చినప్పుడల్లా వీడి చేతులు అలా లేస్తాయి, తల వంగుతుంది. అదే మనం చూసిన దండం. చిన్నారుల్లో వచ్చే మూర్ఛే అన్నారు. గట్టి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇవాళ మొదలుపెట్టారు. రెండు వారాల తర్వాత మళ్ళీ గీతలు చూస్తారు.

"పూర్తిగా తగ్గుతుందా?" అని అక్క అడిగింది. "చాలామందిలో ఆగుతాయి. ఆగాక వాడు నేర్చుకుంటాడా, ఎంత నేర్చుకుంటాడన్నది చూస్తూ ఉండాలి. మీరు త్వరగానే వచ్చారు" అన్నారు. ఆ చివరి మాటని అక్క ఇంటికొచ్చేదాకా పట్టుకుని కూర్చుంది.

ఆముదం కడిగిన చేతులతో,
తేజేష్

---

చెంగిచెర్ల,
18-4-2025

చి. తేజేష్‌కు,

మ్యాచ్ రోజు చౌరస్తా సంగతి నాకు చెప్పనవసరం లేదు. అలాంటి రోజుల్లో డిపో నుంచి ఒక్క బస్సు కదిలించడానికి నాకు బీపీ పెరిగేది. అంతటి రద్దీని ఆ బుల్లి తలలో పెట్టుకుని వాడు తిరిగాడంటే నాకు ముద్ద దిగడం లేదు. మందు వెళ్ళి రద్దీని చెదరగొట్టాలని కోరుకోవడం తప్ప ఇక్కడ నేను చేసేదేమీ లేదు. స్లాబుకి నీళ్ళు కొడుతున్నాను. సారలమ్మ, "సార్, చెరువైతది, ఆపున్రి" అంటోంది.

ఒక ఇబ్బంది. మహిపాల్ పాలతో పాటు వార్త కూడా పోసి వెళ్ళాడు. దండం పెట్టే బాబు ముత్తాతనని చెంగిచెర్లలో నాకు పేరొచ్చింది. నిన్న ఒకాయన బైకు ఆపి, "బాబు దర్శనం ఎప్పుడు సార్?" అన్నాడు. "బాబుకి ఒంట్లో బాగాలేదు. మూర్ఛ వచ్చింది, మందు వాడుతున్నాం" అని గట్టిగానే చెప్పాను. దాచలేదు. ఆయన బైకు స్టాండు వేసి, "మా చెల్లెలి బిడ్డ గూడ గిట్లనే ఊకె వంగుతది సార్" అన్నాడు. ఆ డాక్టరు పేరు, ఎక్కడుంటాడో వెంటనే పంపు.

చిదంబరం

---

నాచారం,
30 ఏప్రిల్ 2025

అక్షయ తృతీయ ఆశీస్సులు అందించవలసిన తాతయ్యకు,

డాక్టర్ చిరునామా మహిపాలన్న ద్వారా అందిందనుకుంటాను. ఆ బైకు ఆయన చెల్లెలివాళ్ళు వెళ్ళారట కూడా. మహిపాలన్న చెప్పాడు. అతను ఉత్తరాలు చదవడు గానీ, అందులో ఏముందో మాత్రం ఎప్పుడూ తెలుస్తుంది.

ఇక్కడి పరిస్థితి. మందు పని చేస్తోంది, అడ్డపని కూడా చేస్తోంది. హృషికి ఆకలి విపరీతం. బుగ్గలు బూరెల్లా ఉబ్బాయి. కోపం అంతకంటే ఎక్కువ. పాలసీసా ఒక్క క్షణం ఆలస్యమైతే మా అందరినీ సస్పెండ్ చేసే మొహం పెడతాడు. బావ ఆఫీసులో తిట్లు తిని, విశ్రాంతి కోసం ఇక్కడికి వచ్చి, అంతకంటే పెద్ద తిట్లు తిని వెళ్తున్నాడు. ఇంజెక్షన్ల మధ్య బీపీ కూడా చూస్తున్నారు. పిల్లవాడిది. మాది ఎవరూ చూడడం లేదు.

దండాలు తగ్గి, తగ్గి, ఆగాయి. మేం నమ్మలేదు. అక్క పొద్దున్నే వంటింట్లోకి పారిపోకుండా పక్కనే కూర్చుని చూడడం మొదలుపెట్టింది. నిన్న రెండో ఈఈజీ. ఈసారి నూనె లేదు, వెంకటనర్సమ్మని మా అమ్మ కాపలా కాసింది. బావా నేనూ బయటే ఉన్నాం. డాక్టరుగారు గీతలు చూపించారు. చౌరస్తా ఖాళీ, తాతయ్యా. అన్నీ వాటి దారిన అవి వెళ్తున్నాయి. మందు నెమ్మదిగా తగ్గిస్తామనీ, మళ్ళీ వస్తే వెంటనే రమ్మనీ, ఎదుగుదల నెలనెలా చూడాలనీ చెప్పారు. అక్క బయటికొచ్చి, వరండాలో అందరి ముందూ నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఎప్పుడూ నా తల మీద మొట్టడం తప్ప ఎరగని మనిషి. నాకేం చేయాలో తెలియక సంచీ అటునుంచి ఇటు మార్చుకున్నాను.

సందులో ఆడవాళ్ళు మాత్రం నిరాశగా ఉన్నారు. "ఇగ దండం పెట్టడా?" అని ఒకామె అడిగింది. "సెలవు మీద ఉన్నాడు" అన్నాను.

ఆదివారం పొద్దున వస్తున్నాం. ఈసారి కాఫీ ఇవ్వండి.

తేజేష్

---

చెంగిచెర్ల,
4-5-2025

విషయం: చి. హృషికేశ్ – నన్ను చూచి ఏడ్చుట – అపార హర్షం – గురించి.

చి. తేజేష్‌కు,

మీరు వెళ్ళి గంట కూడా కాలేదు. అయినా వ్రాయుచున్నాను, ఎందుకనగా సంఘటన జరిగినప్పుడు నీవు కాఫీ గ్లాసులో బిస్కెట్టు వెతుక్కొనుచున్నావు.

సుష్మ వాడిని నాకు అందించబోయింది. వాడు నా వైపు తిరిగినాడు. మొదట నా కళ్ళద్దాలు చూచినాడు. తర్వాత నా మీసం చూచినాడు. అక్కడ చాలాసేపు ఆగినాడు. మళ్ళీ కళ్ళలోకి చూచినాడు. అలా తేరిపార చూచి, చూచి, ఈ ముసలివాడు మనవాడు కాదు అని నిర్ణయించుకున్నాడు. అప్పుడు కింది పెదవి బయటికి వచ్చినది. వాళ్ళమ్మ మెడ గట్టిగా పట్టుకొని, ఏమి ఏడుపురా అది! పై స్లాబు మీద ఉన్న సారలమ్మ చేటంత మొహంతో తొంగి చూచింది.

మీ అమ్మ నొచ్చుకొని, "అయ్యో, తాతయ్యని చూసి ఏడుస్తావేంట్రా, తప్పు" అన్నది. ఏమి తప్పు? సుష్మ అప్పుడు నాతో చెప్పినది. కొత్తవాళ్ళని గుర్తుపట్టి భయపడాలని, ఈ వయసులో అది మంచిదని, అలా ఏడిస్తే తనకు చెప్పమని డాక్టరు చెప్పినాడట. చెబుతూ అది నవ్వుచున్నది, పిల్లవాడు అరుచుచున్నాడు, నేను ఏమి చేయుచున్నానో నాకు గుర్తు లేదు. నేను గంతులేసితినని సారలమ్మ చెప్పుచున్నది. అది నమ్మదగిన సాక్ష్యం కాదు.

మేస్త్రికి చెప్పితిని. కంకర లారీవాడికి చెప్పితిని. "మునిమనవడు నన్ను చూచి ఏడ్చినాడయ్యా!" అంటే ఆ లారీవాడు నన్ను ఓదార్చబోయినాడు. మూర్ఖుడు.

వచ్చే ఆదివారం తప్పక తీసుకురండి. మీసం ఇంకొంచెం పెంచి ఉంచెదను.

చిదంబరం